సాతాను సాక్ష్యం చెల్లదు

సువార్తల్లో యేసు ఒక మనిషిని పట్టుకుని ‘సాతానా’ అన్నది ఒక్కసారే. ఆ మాట పడ్డవాడు మూర్ఛరోగి కాదు, సమాధుల మధ్య తిరిగే మతిలేనివాడు కాదు. శిష్యుల్లో మొదటివాడైన పేతురు. నువ్వే క్రీస్తువని ఒప్పుకుని మెప్పు పొందిన పేతురే, ఆ వెంటనే సిలువ నీకెందుకు ప్రభువా అని అడ్డం పడి ఆ మాట అనిపించుకున్నాడు. యేసు నోట అపవాది అనిపించుకున్న మరో శిష్యుడు, డబ్బు సంచి మోసిన యూదా. సాతాను ఫలానా మనిషిలో ప్రవేశించాడని లూకా, యోహాను రాసింది కూడా ఆ యూదా గురించే. అపొస్తలుల కార్యాల్లో, నీ గుండెను సాతాను ఎందుకు నింపాడని పేతురు నిలదీసింది అననీయను. పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని, మొత్తం తెచ్చి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టినట్టు నటించిన విశ్వాసి అతను. సంఘం పెద్ద, సంఘం ఖజానాదారు, పేరు కోసం కానుక ఇచ్చినవాడు. సాతాను పేరెత్తి కొత్త నిబంధన వేలెత్తి చూపిన మనుషుల్లో ముందు వరస వీళ్లది.

ఇప్పుడు మన స్వస్థత కూటాల్లో ఆ వేలు ఎటు చూపిస్తోందో చూడండి. ఫిట్స్ వచ్చే పిల్ల వైపు. మొగుడు పోయాక మాట పలుకు మానేసిన ఆవిడ వైపు. పిల్లలు పుట్టని కోడలి వైపు. పక్కింటివాళ్లు గడపకు రాసుకున్న పసుపు వైపు. వేదిక మీద కుర్చీల వైపు, కానుకల లెక్క పుస్తకం వైపు మాత్రం ఆ వేలు ఒక్కసారి కూడా తిరగదు. ఇంతలా దారి తప్పించింది ఎవరు? నా జవాబు దాచను. సాతానే. వాడి కొలువే అది.

ఈ మాట అంటున్నది సాతాను లేడనేవాడు కాదు. నేను క్రైస్తవుణ్ణి. చిన్నప్పుడు మా అమ్మ పక్కన మోకరించి నేర్చుకున్న ప్రభువు ప్రార్థనలో కీడు నుండి తప్పించమని అడిగిన ప్రతిసారీ, నన్ను మింగాలని చూసేవాడు ఒకడున్నాడన్న ఎరుకతోనే అడిగాను, ఇప్పటికీ అలాగే అడుగుతున్నాను. ఉన్నాడని నమ్ముతున్నాను గనకే ఈ కోపం. శత్రువు నిజంగా ఉన్నప్పుడు వాణ్ణి లేని చోట చూపించి, ఉన్న చోట దాచిపెట్టేవాడు ఎవరి పక్షాన పనిచేస్తున్నట్టు?

అసలు లేఖనం వాడి గురించి ఏం చెబుతోంది? మన వేదికల మీద వినిపించేంత కథ అందులో లేదు. పరలోకంలో సంగీత నాయకుడిగా ఉండేవాడని, గర్వించి పడిపోయాడని గంటలకొద్దీ చెబుతారు. ఆ కథకు ఆధారంగా చూపించే యెహెజ్కేలు 28వ అధ్యాయం తూరు రాజు మీద ఎత్తిన శోకగీతం. వేకువచుక్క పడిపోయిన యెషయా 14వ అధ్యాయం బబులోను రాజు మీద. సంఘ పండితుల్లో చాలామంది వాటిలో సాతాను పతనాన్ని కూడా చూశారు, కాదనను. కానీ ఆ రెండు చోట్లా ప్రవక్తలు పేరుపెట్టి తిట్టింది సింహాసనాల మీద కూర్చుని పొంగిపోయిన రాజులను. అధికారంలో ఉన్నవాడి గర్వం మీద రాసిన అధ్యాయాలను తీసుకెళ్లి, ఆకాశంలో ఎప్పుడో జరిగిన కథగా మార్చేస్తే కింద ఉన్న రాజులు హాయిగా తప్పించుకుంటారు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. సాతాను దేవుడికి సమఉజ్జీ కాడు. మంచికొక దేవుడు, చెడుకొక దేవుడు ఉన్నారన్న మానీ మతంలో దాదాపు తొమ్మిదేళ్లు తిరిగి బయటికొచ్చిన అగస్టీన్ ఈ విషయం కోసం ఏళ్లతరబడి పోరాడాడు. దేవుడు చేసిందంతా మంచిదే, సాతాను కూడా మంచివాడుగానే సృష్టి పొంది తన ఇష్టంతోనే చెడ్డాడు అన్నాడు. 1215లో రోములోని లాతెరన్‌లో జరిగిన సభ దాన్నే సిద్ధాంతంగా ప్రకటించింది. అంటే వాడు సృష్టించలేడు, ఉన్నదాన్ని వంకర తిప్పగలడు, అంతే. మరి మన దగ్గర? రెండు గంటల కూటంలో గంటన్నర సాతాను ప్రతాపమే. వీసా ఆపింది వాడు, బోరు ఎండగట్టింది వాడు, బిడ్డను పరీక్ష తప్పించింది వాడు. ఇంటికెళ్లే విశ్వాసి గుండెలో మిగిలేది దేవుడి ప్రేమ కాదు, చీకట్లో ఎవడో పొంచి ఉన్నాడన్న వణుకు. ఆ వణుకు మీదే ప్రార్థించిన నూనె సీసాలు అమ్ముడుపోతాయి.

వాడి పుట్టుపూర్వోత్తరాల దగ్గర పొదుపుగా ఉన్న లేఖనం వాడి పని దగ్గర మాత్రం ఎక్కడా తడబడదు. వాడు అబద్ధికుడు, నేరం మోపేవాడు. ప్రకటన గ్రంథం 12వ అధ్యాయంలో వాడు రాత్రింబగళ్లు దేవుడి ఎదుట మన సహోదరుల మీద ఫిర్యాదు చేస్తుంటాడు. జెకర్యా 3వ అధ్యాయంలో మురికి బట్టలతో నిలబడ్డ యెహోషువ అనే యాజకుడి కుడిపక్కన నిలుచుంటాడు, అతని మీద నేరం మోపడానికే. అతని బట్టలు మురికివేనన్నది నిజమే. అయినా దేవుడు గద్దించింది సాతానును. యాజకుడికి కొత్త బట్టలు తొడిగించాడు. ఈ దృశ్యాన్ని మన కూటాలతో పోల్చి చూస్తే ఒళ్లు మండుతుంది. మురికి బట్టలవాణ్ణి పదిమందిలోకి లాగి, ఆ మురికిని మైకులో చదివి వినిపించి, దానికి విడుదల అని పేరు పెట్టుకున్నాం.

యోబు గ్రంథం తెరవండి. మొదటి రెండు అధ్యాయాల్లో సాతాను ఉన్నాడు. దేవుడి ఎదుట నిలబడి, యోబు ఊరికే భక్తి చేస్తున్నాడా, ఏదో లాభం చూసుకునే చేస్తున్నాడు అని అంటాడు. యోబు భక్తి దొంగభక్తి అని నేరారోపణ. పిల్లలు పోయారు, ఆస్తి పోయింది, ఒళ్లంతా కురుపులు. రెండో అధ్యాయం తర్వాత, నలభై రెండు అధ్యాయాల ఆ గ్రంథం ముగిసేదాకా సాతాను మళ్లీ కనిపించడు. ఎందుకు కనిపించాలి? వాడి పని చేయడానికి మనుషులు దొరికారు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు. చెడ్డవాళ్లు కాదు, దూరం నుంచి ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు. ఏడు రోజులు నేల మీద యోబు పక్కన నోరెత్తకుండా కూర్చున్నారు. అక్కడికి ఆపి ఉంటే వాళ్లంత గొప్ప స్నేహితులు బైబిల్లో ఉండేవారు కాదు. ఆపలేదు. నోరు తెరిచారు, బోధ మొదలుపెట్టారు. నీ పిల్లలు పాపం చేసి ఉంటారు, అందుకే పోయారు అంటాడు బిల్దదు, పది మంది బిడ్డల్ని పోగొట్టుకున్న తండ్రితో. ఎలీఫజు ఇంకా ముందుకెళ్లి 22వ అధ్యాయంలో లేని పాపాలు కల్పించి జాబితా చదువుతాడు. దప్పిగొన్నవాడికి నీళ్లివ్వలేదట, విధవల్ని వట్టి చేతులతో పంపేశావట. చివర్లో దేవుడు ఎవరి మీద కోపపడ్డాడు? గోల పెట్టి, వాదించి, పుట్టిన రోజును శపించుకున్న యోబు మీద కాదు. తన తరఫున మాట్లాడుతున్నామనుకున్న ఆ ముగ్గురి మీద. నా గురించి మీరు సరిగా పలకలేదన్నాడు. ఏడు ఎద్దులు, ఏడు పొట్టేళ్లు తీసుకుని యోబు దగ్గరకే వెళ్లమన్నాడు, అతను ప్రార్థిస్తేనే మిమ్మల్ని క్షమిస్తానన్నాడు.

మన ఊళ్లలో ప్రతి వారం ఆ ముగ్గురు మైకు పట్టుకుంటున్నారు. గుంటూరు వైపు ఒక ఊళ్లో రాత్రి కూటంలో నేను చూసింది చెబుతాను. షామియానా కింద ట్యూబ్‌లైట్లు, వేదిక పక్కన కీబోర్డు. ఇరవై ఏళ్లు నిండని పిల్లను ముందుకు తెచ్చారు. ఎడమ మోచేతి మీద పాత కాలిన మచ్చ, ఫిట్స్ వచ్చి పొయ్యి మీద పడ్డప్పటిది. తల్లి చేతిసంచిలో ప్రభుత్వాసుపత్రి చీటీ మడత, సగం వాడిన మాత్రల అట్ట. వచ్చిన ప్రసంగీకుడు పిల్ల జుట్టు వెనక నుంచి పట్టుకుని తల వెనక్కి వంచాడు. మైకు ఆమె నోటి దగ్గర పెట్టి, ‘నువ్వెవరివి? నిన్ను పంపిందెవరు?’ అని అరిచాడు. పిల్ల ఏడ్చింది. ఆయన మళ్లీ అరిచాడు. కీబోర్డు వాయించేవాడు జోరు పెంచాడు. ‘పేరు చెప్పు, పేరు చెబితేగాని వదలను’ అన్నాడు. ఎన్నోసారికో ఆ పిల్ల ‘పెద్దమ్మ’ అంది. షామియానా అంతా హల్లెలూయా అని మోగింది.

ఆ పెద్దమ్మ అక్కడే ఉంది. ఆడవాళ్ల చాపల మీద, బైబిలు సంచీ ఒళ్లో పెట్టుకుని, అప్పటిదాకా అందరితో కలిసి చప్పట్లు కొట్టిన మనిషి. విధవ. ఆ పిల్లను చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన మనిషి. ఆమె చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు చాప మీద పక్కకు జరిగారు. ఆ రాత్రితో ఆమె చేతి నీళ్లు అందరూ తాగడం మానేశారు. పెళ్లికి పిలవరు, పురిటింటికి రానివ్వరు. ఆమె సంఘానికి రావడం మానేస్తే, చూశారా, వెలుగు భరించలేకపోయిందన్నారు. చేతబడి చేసిందన్న అనుమానం మీద మనుషుల్ని కొట్టి చంపిన నేల ఇది. అలాంటి చోట పదిమందిలో ఒక ఆడమనిషి పేరు అలా పలికించడమంటే ఏమిటో ఆ ప్రసంగీకుడికి తెలియదా?

కాస్త నిలబడి ఆలోచించండి. ఆ పిల్ల నోట మాట్లాడింది సాతాను కాదనుకుందాం. అప్పుడు భయపెట్టి, జుట్టు పట్టి లాగి, రోగిష్టి పిల్ల చేత పలికించిన మాట అది. పోలీసు స్టేషన్లో కొట్టి చెప్పించిన ఒప్పుకోలును కోర్టు కూడా నమ్మదు. లేదు, మాట్లాడింది సాతానే అంటారా? ఇంకా ఘోరం. వాడు మొదటి నుంచి నరహంతకుడనీ అబద్ధానికి తండ్రి అనీ యేసు చెప్పాడని మీరే బోధిస్తారు. అబద్ధానికి తండ్రి అయినవాణ్ణి సాక్షి బోనులో నిలబెట్టి, వాడు చెప్పిన పేరును నమ్మి, బాప్తిస్మం పొందిన ఒక సహోదరిని వెలివేశారు. ఎటు తిప్పి చూసినా ఆ రాత్రి ఆ షామియానా కింద గెలిచింది సాతానే.

యేసు అలా చేయలేదు. కపెర్నహూము సమాజమందిరంలో అపవిత్రాత్మ పట్టినవాడు నువ్వు దేవుని పరిశుద్ధుడివని కేక వేశాడు. అది నిజం. అయినా ఆ నోరు మూయించాడు. వాడి నోటి నుంచి వచ్చే నిజం కూడా ఆయనకు అక్కర్లేదు. ఫిలిప్పీలో సోదె చెప్పే దాసి పౌలు వెంటపడి వీళ్లు సర్వోన్నతుడి దాసులని చాటింది. పౌలు ఆ ప్రచారం వాడుకోలేదు, ఆత్మను వెళ్లగొట్టాడు. ఆమె సోదె మీద సొమ్ము చేసుకుంటున్న యజమానులు తమ రాబడి పోయిందని పౌలును, సీలను కొట్టించి జైల్లో వేయించారు. గెరాసేనుల దేశంలో ఒక్కచోట యేసు పేరు అడిగాడు, సేన అని జవాబు వచ్చింది. నిన్ను ఎవరు పంపారు, ఏ పొరుగువాడు చేయించాడు అని అడగలేదు. నాలుగో శతాబ్దం చివర అంతియొకయలో యోహాను క్రిసొస్తొము, ధనవంతుడు లాజరుల మీద చేసిన ప్రసంగాల్లో తన సంఘాన్ని మందలించాడు. దయ్యం పట్టినవాళ్లు నేను ఫలానా చనిపోయినవాడి ఆత్మను అంటే నమ్మకండి, అది దయ్యం ఆడే నాటకం అన్నాడు. పదహారు వందల ఏళ్ల కిందటి ఆ బుద్ధి మన మైకుల దగ్గర లేకపోయింది.

ఆ బుద్ధి లేని చోట ఏమవుతుందో చరిత్రలో ఉంది. 1692, అమెరికాలోని మసాచుసెట్స్ కాలనీ, సేలం. కొందరు ఆడపిల్లలు గింగిర్లు తిరిగి, మెలికలు తిరిగి, ఫలానా మనుషుల ఆకారాలు వచ్చి మమ్మల్ని గిచ్చుతున్నాయని పేర్లు చెప్పారు. వాళ్లు పేరు చెప్పినవాళ్లలో రెబెక్కా నర్స్ ఒకరు. 71 ఏళ్ల ముసలామె, పిల్లల తల్లి, ఊరంతా గౌరవించిన భక్తురాలు. ఈమె మంచిదని దాదాపు నలభై మంది ఇరుగుపొరుగు సంతకాలు పెట్టి ఇచ్చారు. జ్యూరీ మొదట నిర్దోషి అంది. ఆ పిల్లలు కోర్టులోనే కేకలు పెట్టారు. న్యాయమూర్తి మళ్లీ ఆలోచించమన్నాడు. జ్యూరీ పెద్ద ఆమెను ఒక ప్రశ్న అడిగాడు. ఆమెకు చెవుడు, వినపడలేదు, జవాబు చెప్పలేదు. ఆ మౌనాన్ని ఒప్పుకోలు కింద రాసుకున్నారు. చర్చి ఆమెను వెలివేసింది. జూలై 19న ఉరి తీశారు. ఆ ఏడాది అలా ఉరికెక్కినవాళ్లు 19 మంది. కోర్టు విచారణకు తలొగ్గని గైల్స్ కోరీ అనే ముసలాయన్ను రాళ్ల బరువు కింద నలిపి చంపారు. ఉరికంబం మీద నిలబడి ప్రభువు ప్రార్థన తప్పు లేకుండా చెప్పిన జార్జ్ బరోస్ అనే పాదిరీని కూడా వదల్లేదు.

ఆ న్యాయమూర్తులు నాస్తికులు కారు. పొద్దున లేస్తే బైబిలు చదివేవాళ్లు, సాతానుతో యుద్ధం చేస్తున్నామని నిజంగా నమ్మినవాళ్లు. ఇంక్రీజ్ మాథర్ అనే పాదిరీ ఆ అక్టోబరులో పెట్టిన వాదన చిన్నదే. సాతాను నిర్దోషి ఆకారంలో కూడా కనిపించగలడు, అలాంటి సాక్ష్యం మీద మనిషిని చంపకూడదు. గవర్నరు ఆ కోర్టును ఆపేశాడు. మరుసటి ఏడాది ఆకారాల సాక్ష్యం చెల్లదనేసరికి కేసులు కూలిపోయాయి. సాతాను మాట వినడం మానేశారు, ఉరితీతలు ఆగాయి.

నా మీద వేయబోయే వాక్యం ఏదో నాకు తెలుసు. లూకా 13వ అధ్యాయం, 18 ఏళ్లుగా నడుం వంగిపోయిన స్త్రీ. ఆమెను సాతాను బంధించాడని యేసే అన్నాడు కదా అంటారు. అన్నాడు. అయితే ఆ మాట ఎవరితో, ఎందుకన్నాడో చదవండి. ఆమెను అబ్రాహాము కుమార్తె అన్నాడు. ఆమె పాపం అడగలేదు, పితరుల శాపం వెతకలేదు, ఎవరు చేయించారని ఆరా తీయలేదు. విశ్రాంతి దినాన స్వస్థత ఏమిటని మండిపడ్డ మందిరం అధికారి మీద కోపపడి, ఆమె పక్షాన నిలబడి పలికిన మాట అది. అదే అధ్యాయం మొదట్లో సిలోయము గోపురం కూలి చచ్చిన 18 మంది సంగతి ఉంది. వాళ్లు మిగతావాళ్ల కంటే పాపులా అంటే, కాదు అన్నాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఇతను పాపం చేశాడా, కన్నవాళ్లు చేశారా అని శిష్యులు అడిగితే ఎవరూ కాదన్నాడు. వంశ శాపాలు విప్పుతామని ఫారాలు నింపించేవాళ్లు యెహెజ్కేలు 18వ అధ్యాయం సంఘంలో ఎప్పుడైనా పూర్తిగా చదివి వినిపించారా? తండ్రి దోషం కొడుకు మొయ్యడని ప్రవక్త అంత విడమరిచి చెప్పిన తర్వాత కూడా, ముత్తాత చేసిన మొక్కుబడి వల్లే నీకు కడుపు పండలేదని ఒక పేద ఇల్లాలి మొహం మీద చెప్పడానికి ఎంత కఠినమైన గుండె ఉండాలి!

మందుల సంగతికి వస్తే నా కోపానికి హద్దు లేదు. ఆ రాత్రి ఆ తల్లికి ఇచ్చిన ఆజ్ఞ మాత్రలు ఆపేయమని. మాత్ర మింగితే విశ్వాసం లేనట్టట. మూర్ఛకు వాడే మందులు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ తెరిపి లేకుండా వరసగా వచ్చి ప్రాణం పోవచ్చు. ఏ నరాల డాక్టరైనా చెబుతాడు. జర్మనీలో అనలీజ్ మీకేల్ అనే కాలేజీ విద్యార్థినికి మూర్ఛ ఉందని డాక్టర్లు తేల్చారు, మందులిచ్చారు. తర్వాత దయ్యం అన్నారు. బిషప్పు అనుమతితోనే ఇద్దరు పాదిరీలు 67 సార్లు భూతవైద్యపు ప్రార్థనలు చేశారు. తిండీ నీళ్లూ లేక ఎండిపోయి 1976 జూలై 1న, 23 ఏళ్ల వయసులో ఆ పిల్ల చచ్చిపోయింది. 1978లో తల్లిదండ్రుల్నీ ఆ ఇద్దరు పాదిరీల్నీ కోర్టు దోషులుగా తేల్చింది. నలుగురూ ఆమెను ప్రేమించినవాళ్లే. ఆ సంగతే నన్ను మరింత భయపెడుతుంది.

పౌలు తిమోతికి కడుపు నొప్పి వస్తే, నీలో దయ్యం ఉంది రమ్మనలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. త్రోఫిము జబ్బు పడితే మిలేతులో దించి వచ్చాడు. తన ఒంట్లో ముల్లును సాతాను దూత అని పౌలే పిలిచాడు. మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు, నా కృప నీకు చాలునన్న జవాబు వచ్చింది. ఈ పౌలు ఇవాళ మన కూటానికి వస్తే విశ్వాసం చాలదని వెనక వరసలో కూర్చోబెడతారు. కొత్త నిబంధన సంగతి అలా ఉంచండి, ఈ దేశపు చట్టం సంగతైనా తెలుసా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మతి చలించినవాణ్ణి ఏ రూపంలోనూ గొలుసులతో కట్టడానికి వీల్లేదంటుంది. గెరాసేను మనిషిని గొలుసులతో, సంకెళ్లతో కట్టింది ఊరివాళ్లు. యేసు వచ్చి వెళ్లేసరికి అతను బట్టలు కట్టుకుని, బుద్ధి కుదిరి కూర్చుని ఉన్నాడు. యేసు పక్కన నిలబడాల్సిన మనం ఊరివాళ్ల పక్కన నిలబడ్డాం.

మరి వాడు నిజంగా ఎక్కడున్నాడు? అరణ్యంలో యేసుకు వాడు చూపించిన మూడింటిని చూస్తే తెలుస్తుంది. రొట్టె, గుడి శిఖరం మీద నుంచి దూకే గారడీ, లోకరాజ్యాల అధికారం. ఒక్కదానిలోనూ జ్వరం లేదు, ఫిట్స్ లేవు. పైగా శిఖరం మీద నిలబెట్టి వాడు 91వ కీర్తన వల్లించాడు. వాక్యం నోట పెట్టుకుని వచ్చేవాడు, వెలుగుదూత వేషంలో వచ్చేవాడు. అలాంటివాణ్ణి మన ఊళ్లలో వెతకాలంటే మన సంఘాల్లోకే చూడాలి. ఒకే రొట్టె విరిచి, ఒకే గిన్నెలో తాగి, పెళ్లి సంబంధం దగ్గరికొచ్చేసరికి మీరేమిట్లు అని అడుగుతున్నామే, అక్కడ. ఒక కులం సంఘానికి మరో కులం పాస్టరు గారు వస్తే కానుకలు తగ్గిపోతాయే, అక్కడ. అన్యజనులతో కలిసి తినడం మానేసి లేచిపోయినందుకు అంతియొకయలో పేతురును అందరి ముందూ పౌలు నిలదీశాడు. మన దగ్గర అలా నిలదీసిన పాస్టరు ఉద్యోగం నిలుస్తుందా? కట్నం ఖాయం చేసుకున్న ఇంట్లో నిశ్చితార్థం ప్రార్థన చేసి, ఆ కట్నంలోంచే పదో భాగం పుచ్చుకుంటున్నామే, అక్కడ. ఎన్నికల ముందు పార్టీ కవరు పుచ్చుకుని అభ్యర్థి తలమీద చేయి పెట్టి ప్రార్థిస్తున్నామే, అక్కడ. సాతాను అక్కడ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, వాణ్ణి వెళ్లగొట్టడానికి ఒక్క ఉపవాస కూటమూ పెట్టలేదు.

ఇరుగుపొరుగు హిందువుల దేవుళ్లను దయ్యాలని మైకులో తిట్టడం కూడా ఈ జబ్బులోదే. విగ్రహాలకు అర్పించినదాని గురించి పౌలు కొరింథీ విశ్వాసులకు గట్టిగా రాశాడు, అది సంఘం లోపలి మాట. బయట, ఎఫెసులో ఊరంతా అల్లరి చేసిన రోజున, వీళ్లు మన గుడిని దోచుకోలేదు, మన దేవతను దూషించలేదని సాక్ష్యం చెప్పింది ఆ పట్టణపు కరణమే. మన పొరుగువాళ్లలో ఒక్కరైనా మన గురించి అంత మాట అనగలిగేలా బతుకుతున్నామా? తమ మతం కానివాళ్లందరినీ అపవాది సంతానం కింద జమకట్టిన అలవాటు యూరప్‌లో యూదులకు ఏ గతి పట్టించిందో లోకమంతా చూసింది. యూదుడైన యేసు తన ఎదుట నిలబడి వాదిస్తున్న కొందరితో అన్న ఆ మాటను తీసుకెళ్లి ఒక జాతి మొత్తానికి అంటగట్టారు. శతాబ్దాలపాటు ఇళ్లు తగలబెట్టారు. నేరం మోపేవాడికి అంతకంటే మంచి పంట మరెప్పుడూ చేతికి రాలేదు.

పాస్టరు గార్లకు, సంఘ పెద్దలకు నేను అడిగేది గాలిలో మాటలు కాదు. రోగి నోటి దగ్గర మైకు పెట్టడం ఈ వారమే ఆపండి. ఎవరి జుట్టూ పట్టుకోకండి. నిన్నెవరు పంపారన్న ప్రశ్న ఏ ప్రార్థనలోనూ వినపడకూడదు. మందులు ఆపమన్న ప్రసంగీకుణ్ణి వేదిక దింపండి, ఎంత పేరున్నవాడైనా సరే. ఆ పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్లడానికి బస్సు ఛార్జీలు సంఘం పెట్టెలోంచి ఇవ్వండి, వెళ్లేముందు తల మీద చేయి వేసి మెల్లగా ప్రార్థించండి. ఆ ప్రార్థనను నేను కాదనను, నేనూ చేస్తాను.

ఇంకొకటి మిగిలింది. సేలంలో పేర్లు చెప్పిన పిల్లల్లో ఆన్ పట్నం అప్పటికి పన్నెండేళ్లది. 1706లో, పెద్దదయ్యాక, తన ఊరి చర్చిలో నిలబడింది. ఆమె రాయించిన ఒప్పుకోలును పాదిరీ చదివాడు. నిర్దోషుల మీద నేరం మోపానని, రెబెక్కా నర్స్ మీదా ఆమె తోబుట్టువుల మీదా చెప్పింది మరీ ఘోరమని, ఆ రోజుల్లో తనను మోసగించింది సాతానేనని అందులో ఉంది. చుట్టూ సాతాను కోసం వెతికిన ఊళ్లో వాడు ఎక్కడున్నాడో పద్నాలుగేళ్లకు ఆమె సరిగ్గా చూపించింది. 1712లో రెబెక్కా మీద వెలిని, ఆమెను వెలివేసిన చర్చే కొట్టేసింది, ఆమె పోయి ఇరవై ఏళ్లయ్యాక. ఆ పెద్దమ్మ ఇంకా బతికే ఉంది. ఏ మైకులో ఆమె పేరు చెడగొట్టారో ఆ మైకులోనే, ఆదివారం ఆరాధనలో, ఊరందరూ వినేలా ఆమె నిర్దోషి అని చెప్పండి. ఆమె గడప దగ్గరికి వెళ్లి క్షమించమని అడిగి, ఆమె ఇచ్చిన నీళ్లు తాగండి. అది చేసేదాకా ప్రభువు బల్ల మీద చేయి వేయకండి.